థెరపీ గది తలుపు తీయండి, లెక్క చూపండి

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, జడ్చర్ల పట్టణాల్లో పిల్లల థెరపీ కేంద్రాలు నడుపుతున్న వారికి,

నమస్కారం.

నేను హాలియాలో ఉంటాను. ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీలో కొందరు నన్ను చూసే ఉంటారు. మీ గేటు లోపల చెప్పుల స్టాండు పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో నీళ్ల సీసా పెట్టుకుని మూసిన తలుపు వంక చూస్తూ కూర్చునే ముసలివాళ్లు ఉంటారు కదా, వాళ్లలో నేనొకడిని.

ఈ ఉత్తరం కోపంతో మొదలుపెట్టాను. మూడుసార్లు రాసి చింపేశాను. నాలుగోసారికి కోపం కొంత తగ్గింది గానీ అడగవలసింది తగ్గలేదు. అడిగేది రెండే. థెరపీ జరుగుతున్నంతసేపు పిల్లవాడి ఇంటివాళ్లలో ఒకరిని లోపల కూర్చోనివ్వండి. మీరు రాసుకునే లెక్క మాకు చూపండి. రాసుకునే అలవాటే లేకపోతే ఈ వారం నుంచి మొదలుపెట్టండి.

మా మనవడికి ఆటిజం ఉంది. ఇప్పుడు ఆరేళ్లు. పేరు రాయను. రేపు వాడే ఇది చదివి, నన్నడగకుండా ఎందుకు రాశావు తాతా అంటే నా దగ్గర జవాబు లేదు. ఏడాదిన్నర వయసులో ‘తాత’, ‘పాలు’, ‘కుక్క’ అనేవాడు. రెండో పుట్టినరోజు నాటికి ఆ మూడు మాటలూ పోయాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. పక్క గదిలో బిస్కెట్ పొట్లం చప్పుడైతే మాత్రం పరుగెత్తుకొచ్చేవాడు. స్టీలు పళ్లెం అంచు మీద నిలబెట్టి తిప్పి, అది తిరిగి తిరిగి నేల మీద పడి నిలిచేదాకా కళ్లార్పకుండా చూసేవాడు. మగపిల్లలకు మాటలు ఆలస్యమని, వాడి మేనమామకు అయిదేళ్లకు గానీ రాలేదని ఇంట్లో ఒకరికొకరం ధైర్యం చెప్పుకున్నాం. అలా పద్నాలుగు నెలలు గడిచిపోయాయి. ఆ పద్నాలుగు నెలలు మీ ఖాతాలో వేయను. అవి మావే.

మా ఇంటావిడ మొక్కుకుంది. ఒక అమావాస్య రాత్రి చెరువుగట్టు మీద, జడల రామలింగేశ్వరుడి గుట్టపైన, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాల మధ్య మేమూ చాప పరుచుకుని పడుకున్నాం. నాకు అంత నమ్మకం లేదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ దేవుడు నయం చేస్తానని బోర్డు పెట్టలేదు, ఆరు నెలల ప్యాకేజీ చెప్పలేదు, పిల్లవాడిని లోపలికి తీసుకుని మమ్మల్ని బయట కూర్చోబెట్టలేదు.

పిల్లల డాక్టరు ముందు వినికిడి పరీక్ష చేయించమన్నారు. చెవులు బాగానే ఉన్నాయని తేలింది. ఆ తర్వాత సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్‌కు వెళ్లాం. మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా 1984లో మొదలై, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అని పిలుస్తున్న చోటు అది. అక్కడ ఐఎస్ఏఏ అనే కొలమానంతో చూశారు. మన దేశంలో ఆటిజాన్ని కొలవడానికి తయారు చేసినది. 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు. కనీసం 40, గరిష్ఠం 200. 70కి లోపు వస్తే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆ పైన తీవ్రం. మా వాడికి 112 వచ్చింది. అంకె కనబడగానే నాకు కొంత స్థిమితం కలిగింది. వృత్తి అలాంటిది మరి. మా కోడలు మాత్రం బోయినపల్లిలో బస్సు కోసం నిలబడినంతసేపూ కొంగుతో ముఖం కప్పుకునే ఉంది.

చేతికిచ్చిన కాగితం చివర మూడు మాటలు రాసి ఉన్నాయి: బిహేవియర్ థెరపీ (ప్రవర్తనకు), స్పీచ్ థెరపీ (మాటలకు), ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులకు). ఎక్కడ చేయించాలో లేదు. హాలియాలో మందుల షాపులో అడిగాను. ఆర్ఎంపీని అడిగాను. అందరూ హైదరాబాద్ అన్నారు. వారానికి అయిదు రోజులు హాలియా నుంచి హైదరాబాద్‌కు చిన్న పిల్లవాడిని ఎవరు తీసుకెళతారు?

జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే డైస్ (డీఈఐసీ) అనే కేంద్రం ఉంటుందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టినవి అవి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా చూస్తారు, చూడవలసిన వాటి జాబితాలో ఆటిజం కూడా ఉంది. పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని మార్గదర్శకాలు. కలెక్టర్లు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, ఆ కుర్చీల్లో ఎన్ని ఖాళీగా ఉన్నాయో ఒకసారి లెక్కబెట్టించండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలానికొకటిగా భవిత కేంద్రాలు కూడా తెరిచారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను పనిచేసిన బడి ఆవరణలోనే భవిత గది ఉండేది. విరిగిన బెంచీలు పెట్టుకునే గది అనుకుని దాని ముందు నుంచి ఏళ్ల తరబడి నడిచాను.

అలా చివరికి మీలో ఒకరి దగ్గరకు వచ్చాం. ఊరు చెప్పను, కేంద్రం పేరు చెప్పను. ఈ వర్ణన తనదేనని చాలామంది అనుకోవచ్చు. అదే నా బాధ.

45 నిమిషాలకు 500 రూపాయలు. వారానికి అయిదు రోజులు. బస్సులో కోడలికి మహాలక్ష్మి జీరో టికెట్టు, నాకు పూర్తి టికెట్టు, అయిదు నిండాక బాబుకు అర టికెట్టు. ఎనిమిది నెలల్లో 162 సెషన్లు, 81,000 రూపాయలు. ఒకరోజు నిర్వాహకుడిని అడిగాను, మా వాడు ఇప్పటిదాకా ఏం నేర్చుకున్నాడని. ‘మార్పు ఉంది సార్’ అన్నారు. దేనిలో అన్నాను. ‘అన్నింటిలో ఉంది సార్, మీకు రోజూ చూడటం వల్ల తెలియదు’ అన్నారు. రాసి పెట్టినది ఏమైనా ఉంటే చూపించమన్నాను. రిజిస్టరు తెచ్చారు. అందులో బాబు పేరు, వచ్చిన తేదీలు, కట్టిన డబ్బు ఉన్నాయి. బతుకంతా మార్కుల జాబితాలు రాసినవాడిని. హాజరు పట్టీని ప్రోగ్రెస్ కార్డు అనడం మొదటిసారి విన్నాను.

తలుపు ఎందుకు మూస్తారని అడిగితే, ఇంటివాళ్లు కనబడితే పిల్లలు ఏకాగ్రతతో ఉండరని చెప్పారు. మొదటి వారం అది నిజమే కావచ్చు. ఎనిమిది నెలలా?

ఒకరోజు కరెంటు పోయింది. గాలి కోసం కిటికీ తెర కొద్దిగా పక్కకు జరిపారు. అప్పుడు చూశాను. చిన్న బల్ల, దానికి ఆ పక్క ఇరవై ఏళ్లు కూడా నిండని ఒక అమ్మాయి, ఈ పక్క మా వాడు. వాడి రెండు చేతులూ బల్ల మీద పెట్టి తన ఎడమచేత్తో అదిమి పట్టింది. కుడిచేత్తో గడ్డం ఎత్తి తన వైపు చూడమని ఇంగ్లిషులో చెబుతోంది. వాడు కనుగుడ్లు పైకప్పు వైపు తిప్పేశాడు. మళ్లీ చెప్పింది. మూడోసారి ఒక్క క్షణం చూడగానే నోట్లో బిస్కెట్ ముక్క పెట్టింది. బల్ల కింద వాడి కాళ్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఆ అమ్మాయి ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. ఆ రోజు వాడు తనకు పదకొండో పిల్లవాడని, నాలుగు రోజులు చూసి నేర్చుకుని పనిలో చేరానని తర్వాత తానే చెప్పింది. రెండు నెలలకు మానేసి బట్టల దుకాణంలో చేరింది. అక్కడ జీతం ఎక్కువట.

ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. 1990లలో నా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. ఇరవై దాకా ఎక్కాలు వెనక నుంచి చెప్పేవాడు. నా ముఖం చూసేవాడు కాదు, బెల్లు కొడితే చెవులు మూసుకునేవాడు. పొగరనుకున్నాను. ఆ ఏడాది వాడి మీద ఒక బెత్తం విరిగింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, ఆటిజం ఆ జాబితాలో లేదు. 2016 చట్టంలో జాబితా 21కి పెరిగితే అందులోకి వచ్చింది. చట్టానికే తెలియనప్పుడు నాకేం తెలుస్తుందని నన్ను నేను సమర్థించుకోవచ్చు. కానీ బెత్తం చట్టం చేతిలో లేదు, నా చేతిలో ఉంది. గడ్డం పట్టి ముఖం ఎత్తడం, చేతులు అదిమి పట్టడం, అవి ఎలా ఉంటాయో బయటి నుంచి కాదు, లోపలి నుంచి తెలుసు నాకు.

బాబు అక్కడికి వెళ్లడం మానేశాడు. మేం మాన్పించలేదు, గేటు రంగు కనబడగానే నేల మీద పడి దొర్లేవాడు.

రెండో థెరపిస్టు నల్లగొండ బస్టాండులో దొరికింది. అంటే, ఆమె గురించి అక్కడ తెలిసింది. దేవరకొండ బస్సు కోసం కూర్చున్న ఒక తల్లి, తన కూతురిని ఒళ్లో ఊపుతూ, మా వాడిని రెండు నిమిషాలు చూసి, ‘మీ బాబుకూ ఇదేనా?’ అంది. మన ప్రాంతంలో థెరపిస్టులను వెతకడానికి బస్టాండును మించిన ఆఫీసు లేదని అప్పుడు అర్థమైంది. ఆ తల్లి చెప్పిన అమ్మాయి స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకు నేర్పే టీచరు. ఆమె రశీదు మీద, ఈ వృత్తులవాళ్లను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ నంబరు అచ్చువేసి ఉంది.

మొదటి రోజు ఆమె బాబును పిలవలేదు. నాకొక కాగితం ఇచ్చింది. అందులో మూడు నిలువు గడులు: ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, వెంటనే మీరేం చేశారు. వారం రోజులు రాసుకుని రమ్మంది. అప్పట్లో మా వాడు తల నేలకేసి కొట్టుకునేవాడు. గళ్ల నోటుపుస్తకం ఒకటి ఇంట్లో మిగిలి ఉంటే అందులో రాశాను. ఏడు రోజుల్లో 23 సార్లు. అందులో 16 సార్లు పెరట్లో పంపు దగ్గర, నీళ్లలోంచి లేపినప్పుడే. ఆ 16లో 14 సార్లు మూడో గడిలో ఒకే వాక్యం: ఫోను ఇచ్చాం.

కాగితం చూసి ఆ అమ్మాయి ఏమీ అనలేదు, పెన్సిలుతో ఆ గడి కింద గీత గీసింది. తల కొట్టుకుంటే ఫోను వస్తుందని వాడికి నేర్పిన మాస్టారెవరో నాకు తెలిసిపోయింది.

బిహేవియర్ థెరపీ అంటే అంతవరకు నాకు బల్ల, బిస్కెట్టు, గడ్డం. అసలు సంగతి ఆమె పంపు దగ్గర నిలబడి చెప్పింది. పిల్లవాడు చేసే ప్రతి పనికీ ఏదో ఒక ప్రయోజనం ఉంటుంది. మన దృష్టి తన మీద పడాలని చేయవచ్చు, ఇష్టం లేనిది తప్పించుకోవడానికి చేయవచ్చు, కావలసిన వస్తువు కోసం చేయవచ్చు, లేదా ఆ పని శరీరానికే హాయిగా ఉండి చేయవచ్చు. ఏ ప్రయోజనమో తెలియకుండా మానిపించబోతే అది ఇంకో రూపంలో వస్తుంది. వీటన్నింటికీ ముందు నొప్పి ఉందేమో చూడాలని మమ్మల్ని పళ్ల డాక్టరు దగ్గరకు పంపింది. మాటలు రాని పిల్లవాడు పంటి నొప్పి ఎలా చెబుతాడు? నాకు తట్టలేదు.

పళ్లు బాగానే ఉన్నాయి. అప్పుడు ఆమె చేసింది ఇది. నీళ్ల పంపు బొమ్మ, ఫోను బొమ్మ, బత్తాయి బొమ్మ అట్టముక్కల మీద అంటించింది. ముందు బత్తాయితో మొదలుపెట్టింది, వాడికి ప్రాణం కనుక. బత్తాయి తొన ఒకటి వలిచి, తెల్లటి పీచు తీసి చేతిలో పట్టుకుంది. వాడు చెయ్యి లాగాడు. వెనక కూర్చున్న మా ఇంటావిడ వాడి చేతిని అట్టముక్క మీదకు నెమ్మదిగా నడిపించింది, దాన్ని తీయించి ఆ అమ్మాయి చేతిలో పెట్టించింది. పెట్టిన వెంటనే ‘బత్తాయి’ అంటూ తొన నోటికిచ్చింది. మళ్లీ. మళ్లీ. ప్రతిసారీ మా ఇంటావిడ పట్టు కొంచెం సడలేది. మొదట మణికట్టు, తర్వాత మోచెయ్యి, తర్వాత భుజం మీద వేలు. దాన్ని ప్రాంప్ట్ తగ్గించడం అంటారట. పదిసార్లలో తనంతట తాను ఇచ్చినవి ఎన్నో నేను గీతలు గీశాను. మొదటి రోజు రెండు. మూడు వారాలకు ఎనిమిది. ఒకరోజు నేను పేపరు చదువుకుంటుంటే వెనక నుంచి వచ్చి నా ఒళ్లో ఆ అట్టముక్క పెట్టాడు. ఇంట్లో బత్తాయిలు లేవు. చెప్పులు కూడా వేసుకోకుండా బజారుకు పరుగెత్తాను.

తల కొట్టుకోవడం సంగతి ముందే హెచ్చరించింది. ఇకమీదట తల కొట్టుకుంటే ఫోను ఇవ్వొద్దు, అట్టముక్క ఇస్తే వెంటనే ఇవ్వండి, మొదట్లో కొట్టుకోవడం పెరుగుతుంది, భయపడకండి, కింద బొంత మడిచి వేయండి అని. అలాగే అయింది. తర్వాతి వారం 31. ముందు చెప్పి ఉండకపోతే ఆ వారమే మేం చేతులెత్తేసేవాళ్లం. ఆ పై వారం 19, తర్వాత 11, తర్వాత 6. ఇందులో మాయ ఏమీ లేదు. కార్, డ్యురాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లోనే చూపించారట, అదే అవసరం తీర్చే మరో మార్గం నేర్పితే ఇలాంటి ప్రవర్తన తగ్గుతుందని.

ఇప్పుడు నా విషయానికి వస్తాను. రోజుకు 45 నిమిషాలు, వారానికి అయిదు రోజులు. మొత్తం 225 నిమిషాలు, అంటే మూడు గంటల ముప్పావు. పిల్లవాడు రోజుకు పద్నాలుగు గంటలు మెలకువగా ఉంటాడనుకుంటే వారానికి 98 గంటలు. మీ వాటా నూటికి నాలుగు కూడా లేదు. మిగతా తొంభై ఆరు పంపు దగ్గర, అన్నం పళ్లెం ముందు, బస్సులో, నాయనమ్మ ఒళ్లో గడుస్తాయి. ఆ తొంభై ఆరు చూసుకునేవాళ్లను బయట కూర్చోబెట్టి నాలుగుతో పిల్లవాడిని మార్చేస్తామనడం ఏ లెక్కలోనూ కుదరదు. మా ఇంటావిడ చదివింది ఏడో తరగతి. ఆమె గదిలో ఉండబట్టే ప్రాంప్ట్ తగ్గించడం నేర్చుకుంది. నాకు ఇప్పటికీ సరిగా రాదు, తొందరపడి చెయ్యి పట్టేస్తాను.

మీ కరపత్రాల గురించి ఒక మాట. వారానికి 40 గంటలు థెరపీ చేయిస్తే సగం మంది మామూలు పిల్లలైపోతారని ఒకదాంట్లో చదివాను. అది లోవాస్ అనే అమెరికా ప్రొఫెసరు 1987లో ప్రచురించిన అధ్యయనం. తీవ్రంగా థెరపీ ఇచ్చిన పిల్లలు 19 మంది, వారిలో 9 మంది మామూలు బడిలో మొదటి తరగతి దాటారని, తెలివితేటల పరీక్షలో మామూలు స్థాయికి వచ్చారని రాశాడు. ఏ పిల్లవాడు ఏ జట్టులోకి వెళ్లాలో చీటీ వేసి నిర్ణయించలేదు. తొడ మీద చరచడం కూడా ఆ పద్ధతిలో భాగంగా ఉండేది. తర్వాత పిల్లలను చీటీ వేసినట్టు విడదీసి చేసిన అధ్యయనాల్లో అంత పెద్ద ఫలితం రాలేదు. ఆ రోజుల్లో అలాంటి థెరపీలో పెరిగిన ఆటిజం ఉన్నవాళ్లు కొందరు ఇప్పుడు పెద్దవాళ్లై, అది తమనెంత నొప్పించిందో రాస్తున్నారు, మాట్లాడుతున్నారు. బల్ల ముందు కాకుండా ఆటలోనే, పిల్లవాడి ఇష్టం వెంట నడుస్తూ నేర్పే పద్ధతులు వచ్చాయి. డెన్వర్ నమూనా అంటారే, అది అలాంటిదే. మీ గోడల మీద మాత్రం ఇంకా 1987 నడుస్తోంది.

నలభై అనే అంకెతో నాకు ఈ రెండేళ్లలో చుట్టరికం కలిసింది. ఐఎస్ఏఏలో 40 అంశాలు. వైకల్య ప్రయోజనాలు రావాలంటే కనీసం 40 శాతం వైకల్యం. లోవాస్‌ది వారానికి 40 గంటలు. బిహేవియర్ థెరపీ చేసేవాళ్లకు సర్టిఫికెట్లిచ్చే అమెరికా బోర్డు కింద ప్రవర్తన టెక్నీషియన్ కావడానికి కావలసిన శిక్షణ కూడా 40 గంటలే. పిల్లవాడికి ఒక వారానికి సరిపడే గంటలతో పెద్దవాడు నిపుణుడైపోతాడన్నమాట. ఆ బోర్డు కూడా 2023 నుంచి మన దేశం వాళ్ల దరఖాస్తులు తీసుకోవడం మానేసింది. అయినా ఆ ముద్ర ఇంకా కొన్ని బోర్డుల మీద మెరుస్తోంది.

నేను అడిగే కాగితం అది కాదు. స్పీచ్ థెరపిస్టుకైనా, స్పెషల్ ఎడ్యుకేటర్‌కైనా, క్లినికల్ సైకాలజిస్టుకైనా రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టరులో ఒక నంబరు ఉంటుంది. 1992 నాటి చట్టం పెట్టిన నియమం అది. ఆ నంబరు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలంటే మీ దగ్గర రెండు సెషన్లు, అందుకే ఎవరికీ భయం లేదేమో. మీ సిబ్బందిలో అందరికీ నంబరు లేకపోవచ్చు, అర్థం చేసుకుంటాను. ఉన్నవారు ఎవరు, వారి కింద నేర్చుకుంటున్నవారు ఎవరు, మా వాడి పథకం రాసింది ఎవరు అన్నది గోడ మీద రాయండి. రశీదు ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా కింద ఆటిజం ఉన్నవారికి లక్ష రూపాయల దాకా రక్షణ ఉంది, అందులో థెరపీకి కూడా కొంత వస్తుంది. చిత్తుకాగితం మీద అంకె రాసిస్తే ఆ క్లెయిము ఎక్కడ పెట్టుకోవాలి? మా 81,000కు నా దగ్గర ఉన్నవి అలాంటి చిత్తుకాగితాలే.

మరో సంగతి, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడమని మా కోడలికి అక్కడ సలహా ఇచ్చారు. రెండు భాషలైతే పిల్లవాడు తికమకపడతాడట. ఆటిజం ఉన్న పిల్లలకు రెండు భాషల వల్ల మాటలు ఆలస్యమవుతాయనడానికి ఆధారం లేదు. ఫలితం ఏమైందంటే, అక్కడ ఇంగ్లిషులో కూర్చోమంటే కూర్చునేవాడు, ఇంట్లో ‘కూర్చో నాన్నా’ అంటే అర్థం కానట్టు చూసేవాడు. నాయనమ్మకు ఇంగ్లిషు రాదు కనుక ఆమె మూడు నెలలు మనవడితో మాట్లాడటమే తగ్గించింది. దీనికి ఫీజు తిరిగివ్వమని అడగను గానీ, ఇంకో ఇంట్లో ఈ సలహా ఇవ్వకండి.

చేతులు ఆడించడం మానిపిస్తామని కూడా మీ లక్ష్యాల్లో రాస్తారు. మా వాడు సంతోషం పట్టలేనప్పుడు చేతులు రెక్కల్లా ఆడిస్తాడు. నేను సంతోషం వస్తే ముక్కుపొడి పీల్చేవాడిని. రెండింటిలో ఏది హానికరమో చెప్పండి. వాడికి దాహమైతే అడగడం, బయటికి పరుగెత్తకుండా ఆగడం, పాయిఖానాకు వెళ్లాలని చెప్పడం, ఇవి నేర్పండి. కళ్లలోకి చూడకపోయినా ఫరవాలేదు. నా చెప్పుల వైపు చూస్తూ బత్తాయి అడిగినా నాకు ఆనందమే.

మీ కష్టం నాకు తెలియక కాదు. మా వంటివాళ్లం వచ్చి మొదటి రోజే మాటలెప్పుడొస్తాయని అడుగుతాం. మూడు నెలలకు రాకపోతే ఇంకో బోర్డు వెతుక్కుంటాం. అద్దె కట్టాలి, జీతాలివ్వాలి, నేర్పిన అమ్మాయి బట్టల దుకాణానికి వెళ్లిపోతుంది. గ్యారంటీ ఇచ్చే కేంద్రం ముందు గ్యారంటీ ఇవ్వని కేంద్రం వెలవెలబోతుంది. మీలో కొందరి నోటీసు బోర్డుల మీద స్టెమ్ సెల్ (మూలకణ) చికిత్స కరపత్రాలు కూడా చూశాను. జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని తేల్చింది. లక్షలు పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న తల్లిదండ్రులు మీ వరండాల్లో ఎప్పుడూ ఉంటారు. కనీసం ఆ కాగితం చింపేయండి.

ఇంతకీ ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మాకు ఇవన్నీ నేర్పిన అమ్మాయి పెళ్లి చేసుకుని ఖమ్మం వెళ్లిపోయింది. వెళ్లేముందు రెండు గంటలు కూర్చుని, బాబుకు ఏమేం వచ్చు, ఏ మాటకు ఎలా స్పందిస్తాడు, తర్వాత ఏం నేర్పాలి అన్నీ నా గళ్ల నోటుపుస్తకంలో వరుసగా రాసింది. ప్రస్తుతం వాడు అడిగే వస్తువులు పదకొండు. ‘నీళ్లు’ అని నోటితో అంటాడు, మిగతావి అట్టముక్కలతో. ‘తాత’ ఇంకా రాలేదు. అడగడం లేదు నేను.

అందువల్ల వచ్చే నెల మొదటి సోమవారం నుంచి మీ గేట్లు ఒక్కొక్కటీ తట్టబోతున్నాను. నోటుపుస్తకం తెస్తాను. మొదటి పేజీ నుంచి చదివి, ఎక్కడి నుంచి కొనసాగిస్తారో చెప్పగలిగిన వారి దగ్గర బాబును చేర్పిస్తాం, ఫీజు ఎంతైనా బేరమాడను. మా ఇంటావిడ కూడా వస్తుంది, బత్తాయిలు ఆమె సంచిలో ఉంటాయి. ఆమె లోపల కూర్చుంటుంది. ఆమెకొక కుర్చీ వేయించండి. కుర్చీకి చోటు లేదంటే చాప మేమే తెచ్చుకుంటాం. చెరువుగట్టు మీద పరిచినది ఇంట్లోనే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
హాలియా, నల్లగొండ జిల్లా